బరువు పడ్డాక మట్టం

ఏప్రిల్ 2, బుధవారం

ఈ డైరీ ఇనప సామాన్ల కొట్టువాడు ఇచ్చింది. ఏటా ఇస్తాడు. పనిలో ఉన్నప్పుడు ఇందులో గోడల కొలతలు రాసుకునేవాణ్ణి. ఇప్పుడు కట్టడానికి గోడలు లేవు. కాగితాలు ఖాళీగా పారేయడం ఇష్టం లేక రాస్తున్నాను. ఎవరి కోసమూ కాదు. నాకు అక్షరాలు పెళ్ళయ్యాక వచ్చాయి. మా ఆవిడ నేర్పింది. ఒత్తులు తప్పితే తప్పాయి. గోడ తప్పకుండా కట్టాను, అది చాలు.

సంగతేమిటంటే వదినగారు కాలు విరగ్గొట్టుకుంది. మా ఆవిడకి సొంత అక్క, ఉన్నది ఆవిడొక్కతే. స్నానాల గదిలో జారిందట. మంచం దిగొద్దన్నారట. "ఈసారి నేను లేచి తలుపు తియ్యలేనే చెల్లీ. గడియ వెయ్యను, తోసుకుని రండి" అని ఫోనులో చెప్పింది. మా ఆవిడ ఫోను పెట్టేసి దాని అద్దాన్ని చాలాసేపు తుడుస్తూ కూర్చుంది. అద్దం శుభ్రంగానే ఉంది.

ఏటా వేసవిలో వెళ్తాం. రెండు వందల ఎనభై కిలోమీటర్లు, నల్లదాని మీద. నల్లది అంటే నా మోటారు సైకిలు. ఇరవై ఆరేళ్ళది. నా చేతి కింద తప్ప ఇంకొకరి చేతి కింద నడవలేదు. మా ఆవిడ బస్సెక్కితే వాంతి, కారెక్కితే వాంతి. నా వెనక కూర్చుంటే మాత్రం దారి పొడుగునా కొట్ల బోర్డులు పైకి చదువుతూ వస్తుంది. అది పాత అలవాటు. నాకు సైకిలుండే రోజుల్లో అలాగే వెనక కూర్చుని బోర్డులు చదివి నాకు అక్షరాలు చెప్పింది.

పోయినేడు మాత్రం దారిలో పదకొండు సార్లు ఆపించింది. పదకొండు! పాతిక కిలోమీటర్లు తిరగకుండానే వీపు మీద తట్టడం, "ఏవండీ, నా నడుం" అనడం. తెల్లారి బయల్దేరినవాళ్ళం దీపాలు పెట్టేవేళకి చేరాం. నాకైతే ఏ నొప్పీ లేదు. నేను ఆపకుండా పోగలను. ఆవిడ కోసమే ఆగాను.

తప్పు సీటుది. ఆవిడ నడుముకి తగ్గ మంచి సీటు చూడాలి. వచ్చే నెల పదో తారీఖున వస్తామని వదినగారికి చెప్పేశాను. మాటంటే మాటే.

ఇది వంటింటి గట్టు మీద పెట్టి నిలబడి రాస్తున్నాను. కుర్చీ వంకరది.

ఏప్రిల్ 3

గోడల మట్టం చూసే రసమట్టం కుర్చీ మీద పెట్టి చూశాను. బుడగ నడిమధ్యలో నిలబడింది. అయినా వంకరే.

ఏప్రిల్ 6, ఆదివారం

పిల్ల వచ్చింది. పిల్ల అంటే మా అమ్మాయి. నలభై రెండేళ్ళది, బడి వ్యాను నడుపుతుంది. పక్క వీధిలోనే కాపురం. లోపలికి వస్తూనే మొదలుపెట్టింది.

"నాన్నా, ఈ ఏడు బండి మీద వద్దు. నేను వ్యానులో దింపుతాను."

"మీ అమ్మ వ్యాను నిండా కక్కుతుంది. కడుగుతావా?"

"కడుగుతా."

"నేను రానే తల్లీ" అంది మా ఆవిడ. "నీ వ్యాను పక్కనుంచి నడిస్తేనే నాకు తిప్పుతుంది. అక్కడికి చేరేసరికి అక్క పక్కన నాకూ ఒక మంచం వెయ్యాలి."

పిల్ల నన్ను కిందినుంచి పైదాకా చూసింది. నేను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను.

"కూర్చో నాన్నా."

"నిలబడితే నీకేం?"

"నాకేం లేదు. సరే, ఒక మాట విను. ముందు అరవై కిలోమీటర్లు పోయి రండి. నేను గుమ్మంలో ఉంటా. ఇద్దరూ నిటారుగా బండి దిగితే మీ ఇష్టం, పెద్దమ్మ దగ్గరికి పోండి. లేదా, తాళం చెవి నాకివ్వాలి."

"ఎవరి తాళం చెవి ఎవరికి?"

"నీది. నాకు."

ఈ నోరు ఎవరి పోలికో అందామనుకున్నాను. మా ఆవిడ నా వైపే చూస్తోంది, అనలేదు.

ఒప్పుకున్నాను. సీటు కుదిరితే అరవై ఏమిటి, ఆరు వందలు తిప్పుతాను.

ఏప్రిల్ 9, బుధవారం

బండి సామాన్ల కొట్లో రెడీమేడ్ సీటు కొన్నాను. వెడల్పుగా, పొంగి ఉంది. కొట్టువాడు, "అంకుల్, బండి మీద సోఫా వేసుకున్నట్టే" అన్నాడు. బొటనవేలితో నొక్కాను. వేలు సగం దాకా పోయింది. మెత్తటి నేల మీద పునాది వెయ్యరు, నాకు తెలుసు. అయినా ఆవిడకి బాగుంటుందని తెచ్చాను.

పది నిమిషాలు సోఫానే. అరగంటకి మెత్తదనం అంతా పక్కలకి జరిగిపోయింది, అడుగున రేకు తగిలింది. వెడల్పు ఎక్కువై నా కాళ్ళు నేలకి ఆనలేదు. కూడలిలో ఆపితే కాలివేళ్ళ మీద నిలబడాల్సి వచ్చింది. మా ఆవిడ వెనకనుంచి, "నాట్యం ఎప్పుడు నేర్చారండీ?" అంది. పక్క బండివాడు కూడా నవ్వాడు.

వాపసు ఇచ్చేశాను.

ఏప్రిల్ 12

జెల్లు పరుపు. చల్లగా ఉంటుందన్నాడు. ఎండలో నిలబెట్టి వచ్చేసరికి పెనం. మా ఆవిడ కూర్చుంది, అంతే వేగంగా లేచింది. "ఇంకో వైపు కూడా కాల్చి దింపండి" అంది.

ఏప్రిల్ 14

గాలి దిండు. నోటితో ఊదాలి. ఊదితే కళ్ళు తిరిగాయి. వీధి చివరిదాకా పోయామో లేదో, "ఏవండీ, ఇది బండా పడవా? మీరు మలుపు తిరుగుతుంటే నేను వేరే ఊరు పోతున్నాను" అంది.

మూడింటి మీదా ముందు నేనే కూర్చుని చూశాను. ఒక్కోదాని మీద గంటసేపు, బండి స్టాండు వేసి. ఆవిడకి ఎలా ఉంటుందో తెలియాలి కదా.

వదినగారు రోజూ సాయంత్రం ఫోను చేస్తోంది. "ఏమే, బయల్దేరారా?" అంటుంది. ఇంకా ఇరవై ఆరు రోజులుందని మా ఆవిడ చెప్తే, "నాకు తెలుసులే, ఊరికే అడిగా" అంటుంది.

ఏప్రిల్ 17, గురువారం

టైర్ల కొట్టు వెనక సందులో ఒకాయన సీట్లు కుడతాడు. అందరూ స్పాంజి అని పిలుస్తారు, జుట్టులో ఎప్పుడూ స్పాంజి తురుము ఉంటుందని. కొట్టంతా రెగ్జిన్ చుట్టలు, జిగురు వాసన. గోడకి పాత సీట్లు చర్మం ఒలిచి వేలాడదీశాడు. మూరెడు కత్తితో స్పాంజిని కోస్తున్నాడు. కాసేపు ఆ కోత చూశాను. చెయ్యి వణకలేదు, గీత తప్పలేదు. పనివాడే.

"ఎవరికి పెద్దాయనా సీటు?"

"మా ఆవిడకి. నడుం నొప్పి."

"నడిపేది?"

"నేనే."

"మరి మీకో?"

"నాకేం? ఇటుకల మీద కూర్చుని నలభై ఏళ్ళు అన్నం తిన్నవాణ్ణి."

ఆయన మూలనుంచి వెడల్పాటి రేకు పళ్ళెం తెచ్చాడు. నిండా తడి ఇసుక. మీద పల్చటి ప్లాస్టిక్ పరిచి బల్ల మీద పెట్టాడు. మనిషి దాని మీద కూర్చుని లేస్తే ఎముకలు ఎక్కడ ఆనాయో అక్కడ గుంటలు పడతాయి. ఆ గుంటలు చూసి ఎక్కడ గట్టి స్పాంజి పెట్టాలో, ఎక్కడ మెత్తది పెట్టాలో గీసుకుంటాడట. ఇసుక కనపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. గుప్పెడు తీసి పిసికాను. జల్లించినది. తడి సరిగ్గా ఉంది, ముద్ద విడిపోలేదు, నీళ్ళు కారలేదు.

"తాపీ పనా మీది?" అన్నాడు.

"ఎలా తెలిసింది?"

"అందరూ ఇది చూసి నవ్వుతారు. మీరొక్కరే పిసికి చూశారు."

మా ఆవిడ ఫోటో తీయించుకునేదానిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని ఇసుక మీద కూర్చుంది. "నవ్వాలా?" అని అడిగింది. స్పాంజి చేతిలోని కత్తి కింద పెట్టి మరీ నవ్వాడు.

"మీరు కూడా ఒకసారి కూర్చోండి" అన్నాడు నాతో.

"అక్కర్లేదు."

"రెండు నిమిషాలే."

"నొప్పి ఆవిడకయ్యా. నాకు కాదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

మా ఆవిడ గోడకి వేలాడుతున్న సీట్లు చూస్తోంది. అంత చూడ్డానికి అందులో ఏముందో.

ఏప్రిల్ 22, మంగళవారం

సీటు అయింది. చూడ్డానికి బాగుంది. ముందు భాగం సన్నగా చెక్కాడు, కాళ్ళు నేలకి నిండుగా ఆనుతున్నాయి. కుట్టు వంకర లేదు. కాని వెనక భాగం వేలెడు ఎత్తు పెట్టాడు. కంటికే తెలిసిపోయింది. నేను చేతిలో రసమట్టం లేకుండా పోతానా? సెంటర్ స్టాండు వేయించి సీటు మీద పెట్టాను. బుడగ వెనక్కి పోయింది.

"ఇదేమిటి?"

"ఉండాలి పెద్దాయనా. మీరిద్దరూ కూర్చున్నాక సరిపోతుంది."

"కూర్చున్నాక సరిపోవడం ఏమిటి? మట్టం కూర్చునేవాణ్ణి బట్టి మారుతుందా? కొయ్యి."

"ఒకసారి ఎక్కి చూసి..."

"నీ వయసంత ఉంది నా అనుభవం. కొయ్యి."

కోశాడు. మళ్ళీ కుట్టాడు. బుడగ మధ్యకి వచ్చింది, గుళ్ళో విగ్రహంలా కదలకుండా నిలబడింది. ఇలా చెయ్యాలి పని అంటే. స్పాంజి జుట్టులో తురుము దులుపుకున్నాడు.

మంచివాడే, కాని ఎవరో ఒకరు దగ్గరుండి చెప్పాలి.

ఏప్రిల్ 27, ఆదివారం

అరవై కిలోమీటర్లు పోయి వచ్చాం. ఒక్కసారి కూడా ఆపలేదు! ఒక్కసారి కూడా వీపు మీద తట్టలేదు. పిల్ల గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది, పరీక్షలో పంతులమ్మలా.

మా ఆవిడ దారంతా నన్ను గట్టిగా పట్టుకుని కూర్చుంది. పెళ్ళైన కొత్తలో సైకిలు మీద పట్టుకున్నట్టు. నాకు నవ్వొచ్చింది. ఈ వయసులో ఏమిటే ఇది అని అడుగుదామనుకుని, బాగుందిలే అని ఊరుకున్నాను. బోర్డులు కూడా చదవలేదు.

ఇంటి దగ్గర ఆవిడే ముందు దిగి, "ఏవండీ, కాస్త నన్ను పట్టుకోండి" అని నా చేతి కింద భుజం పెట్టింది. పాపం, దిగగానే తూలినట్టుంది. అలాగే పట్టుకుని లోపలిదాకా నడిపించాను. పిల్ల చూస్తూనే ఉంది.

"నిటారుగానే దిగాం కదా?" అన్నాను.

"అమ్మ దిగింది" అంది పిల్ల. వెళ్ళిపోయింది.

తాళం చెవి నా దగ్గరే ఉంది. సీటు గెలిచినట్టే. ఇవాళ పడుకుని రాస్తున్నాను. మూడు పంక్తులు రాసి ఆగుతున్నాను, మళ్ళీ రాస్తున్నాను. అలసట. అంతే.

ఏప్రిల్ 28

మా ఆవిడ సీసా మూత తియ్యలేకపోయింది. నా దగ్గరికి తెచ్చింది. నలభై నాలుగేళ్ళలో ఆవిడ నా చేత సీసా మూత తీయించుకోవడం ఇదే మొదలు.

ఏప్రిల్ 29, మంగళవారం

పొద్దున బట్టలు పిండలేక బకెట్లో అలాగే వదిలేసింది. చెయ్యి చూపించమన్నాను. "ఏం లేదండీ" అంది. పట్టుకుని చూశాను. వేళ్ళు వణుకుతున్నాయి. మోచేతి దగ్గర నొక్కితే మొహం ముడుచుకుంది.

"ఏం చేశావు?"

"ఏం చేశాను, మిమ్మల్ని పట్టుకున్నాను."

"అంత గట్టిగానా?"

"లేకపోతే వెనక్కి జారిపోతున్నాను. నున్నగా జారుడుబల్లలా ఉంది. తట్టి చెబుదామంటే చెయ్యి వదిలితే రోడ్డు మీద ఉంటాను."

రసమట్టం తీసుకుని బయటికి వెళ్ళాను. బండి సెంటర్ స్టాండు మీద ఉంది. సీటు మీద పెట్టాను. బుడగ మధ్యలోనే ఉంది. స్టాండు తీసి, బండిని నా తొడకి ఆనించి పట్టుకున్నాను. ఆవిణ్ణి పిలిచి ఎక్కమన్నాను. పెళ్ళాం ఎక్కగానే వెనక స్ప్రింగులు కిందికి దిగాయి. సీటు వెనక్కి ఒరిగింది. బుడగ ట్యాంకు వైపు పరుగెత్తి చివర అతుక్కుపోయింది.

ఎక్కించి, దింపి, మళ్ళీ ఎక్కించాను. మూడుసార్లు. మూడుసార్లూ అంతే.

గోడ మీద మనిషి కూర్చుంటే గోడ దిగదు. నలభై ఏళ్ళు కట్టిన వాటిలో ఒక్కటీ దిగలేదు. బండి దిగుతుంది. అది ఆ స్పాంజికి తెలుసు. చెప్పబోయాడు. నేను నోరు మూయించాను.

అరవై కిలోమీటర్లు ఆవిడ పడిపోకుండా చేతులతో వేలాడుతూ వచ్చింది. నేనేమో సైకిలు రోజులు అని రాసుకున్నాను. పైన ఉంది, చదువుకున్నాను. కొట్టెయ్యను, ఉండనీ.

ఏప్రిల్ 30, బుధవారం

స్పాంజి కొట్టుకి ఇద్దరం వెళ్ళాం. రాత్రి చెప్పాల్సిన మాటలు అనుకుని పెట్టుకున్నాను. అక్కడ రెండే వచ్చాయి.

"మళ్ళీ కుట్టు" అన్నాను.

"ఏమైంది పెద్దాయనా?"

"నువ్వు చెప్పిందే అయింది."

ఆయన ఎగతాళి చెయ్యలేదు. స్టూలు జరిపి, టీ చెప్పాడు. నేను నిలబడే తాగాను. అప్పుడన్నాడు, "ఈసారి ఇద్దరి అచ్చూ లేకపోతే నేను కత్తి ముట్టను. నడిపేవాడు ఎలా కూర్చుంటాడో తెలియకుండా వెనక మనిషికి సీటెలా కుదురుతుంది? బరువంతా కలిసే కదా పడేది."

తప్పు చేసినవాణ్ణి. ఎదురు చెప్పే మొహం లేదు. ముందు మా ఆవిడ కూర్చుంది, తర్వాత వేరే పళ్ళెంలో నేను. లేచి ఇద్దరివీ పక్కపక్కన పెట్టి చూశాం.

ఇసుక నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నలభై ఏళ్ళు దానితోనే బతికాను. ఆవిడవి రెండు గుంటలూ జంటగా, ఒకే లోతు. నాది ఎడమ వైపు అడుగు రేకు కనపడేంత గుంట. కుడి వైపు ఊరికే చెయ్యి ఆనించినట్టు ఉంది. ఒరిగిన గోడ కింద పునాది ఇలాగే ఉంటుంది. బరువు పడాల్సిన చోట పడదు, పక్కది మోస్తూ మోస్తూ ఒకరోజు కూలుతుంది.

స్పాంజి తల గోక్కున్నాడు. "నడుం నొప్పి అమ్మకి అన్నారు. అమ్మ సమంగా ఉంది. ఇది ఎవరో..."

"ఇసుక తడి సరిగా లేదేమోనండీ" అంది మా ఆవిడ గబుక్కున.

"తడి సరిగ్గానే ఉంది" అన్నాను.

మే 1

ఇవాళ ఏమీ రాయను.

మే 2, శుక్రవారం

మా ఆవిడ వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. గుమ్మంలో నిలబడి అడిగాను.

"పోయినేడు పదకొండు సార్లూ నీ నడుమేనా?"

"ఒకటో రెండో నావి."

"మిగతావి?"

"నొప్పి మొదలైతే మీరు కుడికాలు బ్రేకు మీదనుంచి తీసి గాల్లో ఆడిస్తారు. మీకు తెలీదు, నాకు వెనకనుంచి కనపడుతుంది. అప్పుడు తడతాను."

"నా నొప్పి సంగతి నాతోనే చెప్పొచ్చుగా!"

"చెప్పలేదా? ఆరేళ్ళ కింద పరంజా మీదనుంచి పడ్డప్పుడు తుంటి చూపించుకోండి అని మూడు నెలలు చెప్పాను. చూపించుకున్నారా? పైగా ఆ మర్నాడే గోడ కట్టడానికి పోయారు. మీ నొప్పికి మీరు ఆగరండీ. నా నొప్పికైతే ఆగుతారు. అందుకని దాన్ని నాది చేశాను."

"మోసం."

"అవును. నలభై నాలుగేళ్ళలో ఒక్కటి. ఓర్చుకోండి."

చిక్కుడు తొక్కలు నా వైపు తోసింది, పారబోయమని. పారబోసి వచ్చాను. గిన్నె కడిగి బోర్లించాను. అది నా పని కాదు, అయినా చేశాను.

అప్పుడు నేనే అన్నాను. "ఇకమీదట నా నొప్పి నేనే చెప్తాను. నువ్వు మధ్యలో దూరకు."

"చెప్తారా?"

"చెప్తాననే కదా చెప్తున్నాను!"

"అయితే నేను తట్టను. ఒట్టు" అంది. నమ్మినట్టు లేదు.

మే 3, శనివారం

సీటు మళ్ళీ అయింది. అడుగున గట్టి స్పాంజి, పైన మెత్తది. నా కుడి తుంటి కింద వేరే ముక్క దిగేశాడు, పైకి కనపడదు. ఈసారి ఇద్దర్నీ బండి మీద కూర్చోబెట్టి, ఆయన హ్యాండిలు పట్టుకుని, మా ఇద్దరి మధ్య ఉన్న జానెడు ఖాళీలో నా రసమట్టం నా చేతే పెట్టించాడు. వెనక్కి తిరిగి చూడబోతే, "మీరు చూడకండి, అమ్మ చూస్తారు" అన్నాడు.

"మధ్యలో ఉందండీ" అంది మా ఆవిడ.

"సరిగ్గా చూడు. రెండు గీతల మధ్యా?"

"రెండు గీతల మధ్యే. మీకు బుడగ మీదున్న నమ్మకం నా మీద లేదు."

దిగి చూస్తే సీటు వెనక ఎత్తుగా, వంకరగా ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు అలాగే ఉంటుందట. ఉండనీ. ఖాళీ సీటుతో మాకేం పని?

మే 4, ఆదివారం

మళ్ళీ అరవై కిలోమీటర్లు. ఇరవై అయిదు దాటాక కుడికాలు చూసుకున్నాను. గాల్లో ఉంది! ఆవిడ చెప్పింది నిజమే. ఎప్పుడు తీశానో నాకే తెలియదు. అయినా ఆపలేదు. ఇంకో మలుపు, ఇంకో మలుపు అనుకున్నాను. ఆవిడ ఒట్టు వేసింది కదా, తట్టలేదు. అరవైకి దగ్గర పడ్డాక ఆపడం దేనికిలే అనుకున్నాను. బోర్డులు మాత్రం చదువుతూ వచ్చింది. చివరి పది కిలోమీటర్లు అది కూడా మానేసింది.

పిల్ల గుమ్మంలో ఉంది. మా ఆవిడ దిగి, భుజం పెట్టలేదు. పక్కకి జరిగి నిలబడింది. నేను కాలు తిప్పి దిగబోయాను. కాలు రాలేదు. బండి మీద అలాగే ఉండిపోయాను, ఎంతసేపో. దిగి హ్యాండిలు పట్టుకుని వంగి నిలబడ్డాను.

అబద్ధం చెప్పాలనుకుంటే చెప్పొచ్చు. పిల్ల అడగలేదు కూడా.

"నిటారుగా దిగలేదే" అన్నాను. "తుంటి. కుడిది. ఆరేళ్ళనుంచి. మధ్యలో ఆగాల్సింది, ఆగలేదు." తాళం చెవి తీసి చెయ్యి చాపాను. ఇరవై ఆరేళ్ళనుంచి ఉన్న తాళం చెవి. అరిగిపోయి పల్చగా అయింది.

పిల్ల దాన్ని తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. మా ఆవిడ గోడవైపు తిరిగింది. పదో తారీఖు ఇంకా ఆరు రోజులే ఉంది, గడియ వెయ్యనన్న వదినగారు కళ్ళలో మెదిలింది.

"నొప్పి ఎవరికి లేదు నాన్నా" అంది పిల్ల. "నువ్వు ఆగవనే నా భయం. ఎంత నొప్పైనా చెప్పవు, ఏదో రోజు బ్రేకు మీద కాలు లేకుండా ఏ లారీ కిందో దూరతావని. ఇప్పుడు నోరు విప్పావు కదా." తాళం చెవి నా చొక్కా జేబులో వేసింది. "పో. పాతిక కిలోమీటర్లకి ఒకసారి ఆగు. ఆగిన ప్రతిసారీ నాకు ఫోను చెయ్యి."

"ప్రతిసారీనా? నేను బడి పిల్లాణ్ణా?"

"వాళ్ళే నయం. ఆపమని అడుగుతారు."

మే 8

బండి కడిగాను. సీటుకి దుమ్ము పట్టకుండా పాత దుప్పటి కప్పాను. మా ఆవిడ చేతులు బాగానే ఉన్నాయి. సీసా మూత తీసి చూపించింది.

మే 11, ఆదివారం

వదినగారింట్లో రాస్తున్నాను. నిన్న చేరాం.

తెల్లారి బయల్దేరాం. మొదటి పాతికలో ఆవిడ బోర్డులన్నీ చదివింది. మందుల కొట్టు, కళ్ళజోళ్ళ కొట్టు, చెరువులో ఈత కొట్టరాదు. ఊరు దాటాక చదవడానికి ఏమీ లేక లారీల వెనక రాతలు చదివింది. నేను కుడికాలు కనిపెట్టుకునే ఉన్నాను. ఇరవై ఎనిమిది దగ్గర అది లేచింది.

నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంకో కిలోమీటరు పోయాను. మీసం మెలేసి గోడలెక్కిన మనిషిని, పెళ్ళాంతో 'నొప్పి' అనే రెండక్షరాలు అనలేకపోతున్నాను. అక్షరాలు నేర్పిందే ఆవిడ.

చెట్టు నీడ చూసి పక్కకి తీసి ఆపాను. "నా తుంటి" అన్నాను. గట్టిగానే అన్నానేమో, పక్క పొలంలో మనిషి తలెత్తాడు.

మా ఆవిడ గబగబా దిగి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని వెనక్కి వంగి, "అమ్మయ్య!" అంది. "ఎప్పుడాపుతారా అని ఎనిమిది కిలోమీటర్లనుంచి చూస్తున్నాను. నడుం విరిగిపోతోంది."

"మరి చెప్పలేదేం?"

"ఒట్టు వేశాను కదా, మధ్యలో దూరనని!"

"నా నొప్పిలో దూరొద్దన్నాను. నీది నువ్వు చెప్పుకోవద్దన్నానా?"

"అది విడిగా చెప్పాలి కదండీ" అంది. నీళ్ళ సీసా మూత నా చేతే తీయించింది, ఆవిడకి వచ్చినా.

దీపాలు పెట్టేవేళకే చేరాం. పోయినేటి వేళకే. తలుపు తోస్తే తెరుచుకుంది, గడియ లేదు. అక్కాచెల్లెళ్ళు ఏడ్చారు, నవ్వారు, మళ్ళీ ఏడ్చారు. నేను బయట సీటు మీద దుప్పటి కప్పి, సరిగ్గా కప్పానా లేదా అని ఇంకోసారి చూసి, నెమ్మదిగా లోపలికి వెళ్ళాను.

వదినగారు మంచం మీదనుంచి, "ఎన్నిసార్లు ఆపించింది మా చెల్లి?" అని అడిగింది. ఏటా అడుగుతుంది. ఏటా చెప్తాను.

"పదకొండు" అన్నాను.

"మళ్ళీనా! కొత్త సీటన్నారు?"

"సీటు బాగుంది. అయిదు ఆవిడవి. ఆరు నావి."

వదినగారు మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ వేళ్ళు మడిచి లెక్క చూసి, సరే అన్నట్టు తలూపింది.

ఇది కూర్చుని రాస్తున్నాను. వదినగారింటి చెక్క కుర్చీ. కుడి వైపు దిండు పెట్టుకున్నాను. మా ఆవిడ తెచ్చింది. నేనే అడిగాను.